బస్సుకు ఎదురుపోయిన లింగమూర్తి

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి రమ్మని హనుమకొండ వకీలు కిషన్ రావు గారి దగ్గరి నుంచి శుక్రవారం సాయంత్రం లింగమూర్తి కాకకు కబురు వచ్చింది. తెచ్చింది ఆయన గుమాస్తా సారంగపాణి. సైకిలు దిగకుండానే ఒక కాలు అరుగు మీద ఆనించి మూడు మాటలు చెప్పాడు. ఉన్న కాయితాలన్నీ తారీఖుల వరసలో తేవాలి. ఏం జరిగిందో ఒక్క పేజీలో రాసి తేవాలి. దెబ్బ తగిలిన మనిషే వచ్చి తన నోటితో చెప్పాలి, ఇంకొకరు చెప్తే వకీలు గారు వినరు.

"లారీ కేసులకు ఆరు నెల్లే గడువు. బుధవారం దాటిందా, ఇగ మీ కేసు ఎవ్వరు ముట్టరు. యాదుంచుకోండ్రి" అని సైకిలు మళ్లించుకున్నాడు.

ఆ బుధవారం 1982 ఆగస్టు పదకొండు. లింగమూర్తి కాకను లారీ కొట్టింది ఫిబ్రవరి పదకొండున.

కొత్తవాడలో ఆయన ఇంటి ముందు రెండు గదుల్లో మేం కిరాయికి ఉండేవాళ్లం. నేను తెలుగు ఎం.ఏ. పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. రాత పని కాబట్టి కాక భార్య అనసూర్య చిన్నమ్మ శనివారం పొద్దున్నే వచ్చి, మా గుమ్మంలో నిలబడి, "బిడ్డా, జర కలం పట్టుకొని రా" అంది.

లింగమూర్తి కాక జంపఖానాలు నేసే మనిషి. పదకొండేళ్లప్పుడు వాళ్ల నాయన మగ్గం గుంటలో కూర్చోబెడితే తొక్కుడు చెక్కలకు కాళ్లు అందలేదట. చెక్కలకు పాత గుడ్డ పేలికలు చుట్టి ఎత్తు చేశాడట ఆ తండ్రి. ఏడాదికొక చుట్టు విప్పుకుంటూ పోయి, పదిహేనో ఏట ఉత్త చెక్క మీద పాదం పెట్టాడు. ఇప్పుడు నలభై ఆరేళ్లు. జంపఖానా మీద నెమలి వేసినా, పూలకుండీ వేసినా ముందర బొమ్మ పెట్టుకునేవాడు కాదు. ఎక్కడ ఏ రంగు ఎన్ని పోగులో లోలోపల లెక్క పెట్టుకుంటూనే నేసేవాడు. అందుకే ఆయన్ని మధ్యలో ఏదన్నా అడిగితే జవాబు వెంటనే వచ్చేది కాదు. చేతిలో ఉన్న వరస అయ్యాక, పోగు దట్టం చేసే ఇనప పంజాతో రెండు దెబ్బలు కొట్టాక వచ్చేది. మగ్గం లేని చోట కూడా ఆయనకు అదే అలవాటు. పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చిందా అని అడిగితే చాలాసేపు మాట్లాడలేదని, ఆ మౌనానికి తమ వాళ్లు లేచి చెప్పులు వేసుకున్నారని, అప్పుడు "ఊ" అన్నాడని చిన్నమ్మ చెప్పి నవ్వేది.

ఇప్పుడు ఆయన కుడి మోకాలు మడత పడదు. కాలు కర్రలా ముందుకు చాచుకునే కూర్చోవాలి. అట్లాంటి కాలితో గుంటలోకి దిగడం లేదు, చెక్క తొక్కడం లేదు. ఆరు నెలలుగా మగ్గం మీద సగం నేసిన జంపఖానా అట్లాగే ఉంది. కేసు నిలిస్తే లారీ వాళ్ల నుంచి నష్టపరిహారం వస్తుంది. నిలవకపోతే మగ్గం పీకి అమ్ముకోవాలని చిన్నమ్మ ఒకసారి మా అమ్మతో అంది. ఆ మాట అన్నాక రెండు రోజులు ఆమె మా ఇంటి వైపు రాలేదు.

కాయితాలు బియ్యం డబ్బాలో ఉన్నాయి. నేల మీద పరిచి తారీఖుల ప్రకారం పెట్టాను. దవాఖానలో చేర్చుకున్న చీటీ, రెండు ఆపరేషన్ల కాయితాలు, ఇంటికి పంపిన చీటీ. ఎక్స్‌రే కనపడలేదు.

"ఎక్స్‌రే ఏది చిన్నమ్మా?"

ఆమె కాసేపు అటూ ఇటూ చూసి వెనక కిటికీ చూపించింది. పగిలిన అద్దం చోట కాక మోకాలి ఎముకలు మేకులు కొట్టి ఉన్నాయి.

"వాన జల్లు కొడుతాంది. గట్టిగున్నదని పెట్టిన. దాంట్ల ఏమున్నదో మనకెర్కనా?"

మేకులు పీకి, తుడిచి, దాన్ని వరసలో పెట్టాను. నాలుగు మూలలా నాలుగు బొక్కలు. వకీలు ఏమంటాడో అని వాటిని వేలితో నొక్కి చూశాను.

మధ్యాహ్నం పర్శరాములు వచ్చాడు. రెండిళ్ల అవతల ఉంటాడు. కోర్టు ముందు దరఖాస్తులు రాసే వాళ్ల దగ్గర పదేళ్లు తిరిగినవాడు. పోలీసు కాయితాల నకళ్లు తీయించింది ఆయనే. రెండు నకళ్లు నా చేతికిచ్చాడు. ఒకటి జాగా పంచనామా. రెండోది, దెబ్బ తగిలిన మర్నాడు దవాఖానలో కానిస్టేబులు రాసుకున్న కాక వాంగ్మూలం.

"సదువు పిల్లా. మీ కాక ఏం ముత్యాలు రాల్చిండో ఇను."

చదివాను. "నేను బస్సునకు ఎదురుగా పోవుచుండగా లారీ వచ్చి నా కుడికాలికి తగిలినది."

"అయిపాయె," అన్నాడు పర్శరాములు. "బస్సుకు ఎదురుంగ పోయిండట. రోడ్డు మీద ఉరికిండన్నట్టు. లారీ వకీలు గీ ఒక్క ముక్క సదివి కూసుంటడు. నీ కాలు నువ్వే ఇరగ్గొట్టుకున్నవ్ లింగన్నా."

కాక గోడకు ఆనుకుని కాలు చాచి కూర్చున్నాడు.

"మాట్లాడడు. రేపు వకీలు ముందట గూడ గిట్లనే కూసుంటడు. అబద్ధం ఆలోచిత్తాండనుకుంటడు ఆయన."

"నువ్వన్న చెప్పరాదు ఏం జెయ్యాలెనో," అంది చిన్నమ్మ.

పర్శరాములు దానికోసమే వచ్చినట్టు ముందుకు జరిగాడు. పంచనామాలో ఒక వాక్యం మీద వేలు పెట్టాడు. రోడ్డు అంచుకు నాలుగు అడుగుల అవతల, మట్టిలో, సొట్టపడిన ఇత్తడి చెంబు ఒకటి దొరికినట్టు రాసి ఉంది.

"గిదిగో మన కేసు. చెంబు. పొద్దున్నే చెంబు పట్టుకొని రోడ్డు పక్కకు పోయేటోడు ఎందుకు పోతడు? జడ్జికైనా ఎర్కే. చెంబటుకకు పోయి రోడ్డు కిందికి కూసున్న, లారీ నా మీదికి దిగింది అను. బస్సు లేదు, గిస్సు లేదు. కూసున్నోడు రోడ్డు మీద ఉరకడు గద."

చిన్నమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వు ఆపుకోవడానికో, సిగ్గుకో తెలియలేదు. నేను తల వంచుకుని కలం మూత తిప్పుతూ కూర్చున్నాను. కానీ ఆయన చెప్పింది అతుకుతుందని నాకూ అనిపించింది. చెంబు ఉంది, చోటు ఉంది. వాంగ్మూలం మాత్రం నొప్పిలో ఏదో వాగానంటే సరిపోతుంది.

చాలాసేపటికి కాక నోరు విప్పాడు. "అది పసుపు నీళ్ల చెంబు."

"కోర్టుకు పసుపు కనపడుతదా?"

"నాకు కనపడుతది."

"అయితె కాలు జూసుకుంట కూసో." పర్శరాములు లేచాడు. "పిల్లా, నే చెప్పింది ఒక పేజీల రాసిపెట్టు. రేపు నేనూ వత్త."

ఆయన వెళ్లాక నేను కాకనే అడిగాను, జరిగింది జరిగినట్టు చెప్పమని. ముక్కముక్కగా చెప్పాడు. ఆయన అక్క శ్యామలమ్మది ధర్మసాగర్. ఆ ఏడు మొక్కు తీర్చుకోను మేడారం జాతరకు వెళ్లింది. తిరుగు దారిలో అమ్మవార్ల బంగారం, అంటే ప్రసాదంగా తెచ్చే బెల్లం, తీసుకుని నేరుగా తమ్ముడింటికి వస్తానని కబురంపింది. జాతర నుంచి బంగారంతో వచ్చే ఆడబిడ్డను ఒంటరిగా గడప ఎక్కనివ్వరు వాళ్లింట్లో. తమ్ముడే పోయి, బస్సు దిగిన చోటే కాళ్లు కడిగి తోలుకురావాలి. అందుకని చెంబులో పసుపు నీళ్లు పట్టుకుని ములుగు రోడ్డు మీద నిలబడ్డాడు. ఎడ్లబండిని తప్పించబోయిన లారీ రోడ్డు దిగి ఆయన మీదికి వచ్చింది. అక్క ఎక్కిన బస్సు వచ్చింది పది నిమిషాల తర్వాత.

అదంతా శుభ్రమైన తెలుగులో రాశాను. రాసి, పైకి చదివి వినిపించాను. "నేను బస్సుకు ఎదురుగా వెళ్లి నిలబడి ఉండగా" అన్న చోటికి రాగానే చిన్నమ్మ నా చేతి మీద చెయ్యి వేసింది.

"గట్లెందుకు రాసినవ్?"

"కాక చెప్పిందే కదా."

"ఎదురుంగ పోయిననలే. ఎదురువోయిన అన్నడు. అక్కకు ఎదురువోయిండు. ఎదురువోవుడంటె తోలుకరాను పోవుడు గాదు?"

నేను వాంగ్మూలం మళ్లీ చూశాను. కానిస్టేబులు కూడా కాక మాటను శుభ్రం చేయబోయాడు. వచ్చే మనిషిని గౌరవంగా తోలుకురావడానికి ముందుకు పోవడం 'ఎదురుపోవడం'. దానికి ఒక్క 'గా' చేర్చేసరికి అది బస్సు ముందు పరిగెత్తడం అయింది. నేనూ సరిగ్గా అదే పని చేశాను, రెండేళ్లు భాష చదివి. ఆ పేజీ చింపేసి, ఈసారి కాక అన్న మాట కాక అన్నట్టే రాశాను. "మా అక్క శ్యామలమ్మకు ఎదురుపోయిన" అని రాసి వినిపించాను.

చిన్నమ్మ ముఖం మారింది. "ఆమె పేరు తియ్యి."

"పేరు లేకపోతే ఎవరికి ఎదురుపోయినట్టు చిన్నమ్మా? మాట అర్థమే ఉండదు."

"తియ్యిమంటాన గద."

కాక గోడ వైపు చూస్తున్నాడు. ఆమె లేచి వంటింట్లోకి పోయింది.

ఎందుకో నాకు తెలుసు. దెబ్బ తగిలిన రోజు దవాఖానకు అన్నం పట్టుకెళ్లిన మా అమ్మ విన్నది. వరండాలో నిలబడ్డ శ్యామలమ్మను చూసి చిన్నమ్మ, "నీకే ఎదురువోయిండు మీ తమ్ముడు. మంచిగ ఎదురువోయిండు. కాలిచ్చి తోలుకొచ్చిండు" అంది. శ్యామలమ్మ బెల్లం మూట మంచం కింద పెట్టి వెళ్లిపోయింది. మూడు నెలల దవాఖానలో మళ్లీ రాలేదు. ఆ తర్వాత ఈ ఇంటికీ రాలేదు. తమ్ముడి సంగతి ఎవరినో ఒకరిని పంపి కనుక్కునేది.

లారీ యజమాని మనిషి అయితే పదిహేను రోజులకోసారి బత్తాయిలు పట్టుకుని వచ్చేవాడు. "కోర్టెందుకే అక్కా, సేటు కాదంటడా" అనేవాడు. అట్లా అంటూనే ఐదు నెలలు గడిపి, ఆషాఢం నుంచి రావడం మానేశాడు. వీళ్లకు గడువు సంగతి తెలిసింది అప్పుడే.

సాయంత్రానికి నా దగ్గర రెండు పేజీలు ఉన్నాయి. పర్శరాములు చెప్పింది ఒకటి. కాక చెప్పింది ఒకటి, అక్క పేరుతో సహా. పేరు తియ్యలేదని చిన్నమ్మకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఏది ఇవ్వాలో కాకను అడిగాను. జవాబు కోసం నిలబడ్డాను. వాన మొదలైంది, చిన్నమ్మ కిటికీకి గోనెసంచి కట్టింది, దీపం పెట్టింది. "రేపు సూద్దాం" అన్నాడు కాక చివరికి.

ఆదివారం పొద్దున రెండు రిక్షాల్లో వెళ్లాం. ఒకదాంట్లో కాక, చిన్నమ్మ. కాక కాలు బయటికి చాచి ఉంటే ఎదురుగా వచ్చే ప్రతి బండికీ చిన్నమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఇంకోదాంట్లో నేను, పర్శరాములు. దారి పొడుగునా ఆయన నాకు జాగ్రత్తలు చెప్పాడు. "నువ్వు నోరిప్పకు. నా పేజీ మీద పెట్టు. రెండోది లోపట్నే ఉండనియ్యి."

వకీలు గారి ముందు గదిలో అప్పటికే నలుగురు ఉన్నారు. మా ముందర ఒక ముసలాయన కేసు వినడం అరగంట పట్టింది. ఆయన బయటికి వస్తూ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్న తీరు చూస్తే వకీలు కాదన్నట్టే ఉంది. చిన్నమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

కిషన్ రావు గారు మనిషి సన్నం, మాట నెమ్మది. ముందు కాక కాలు చూశారు, తర్వాత కాయితాలు. ఎక్స్‌రే దీపానికి ఎత్తి పట్టుకుని, మూలల్లో ఉన్న బొక్కల్లోంచి ఓసారి మమ్మల్ని చూసి, పక్కన పెట్టారు. వాంగ్మూలం చదివారు. మళ్లీ చదివారు.

"బస్సుకు ఎదురుగా ఎందుకు పోయినవయ్యా?"

కాక మాట్లాడలేదు. వకీలు కళ్లజోడు తీశారు. పర్శరాములు దగ్గాడు.

"అది కాదు సార్, నొప్పికి ఏమన్నడో ఆయనకే ఎర్కలేదు. అసలు సంగతేందంటె, చెంబు..."

"నువ్వెవరు?"

"పక్కింటోన్ని సార్. మనిషికి మాట రాదని..."

"మాట రాకపోతె నేను వింట. నువ్వు వరండల కూసో."

పర్శరాములు వెళ్తూ నా చేతిలోని సంచీ వైపు చూశాడు. నేను రెండు పేజీలూ గట్టిగా పట్టుకున్నాను. వకీలు పంచనామా తీసి వేలితో వెతికారు.

"చెంబు అంటాండు. ఉన్నది, ఇత్తడి చెంబు. రోడ్డుకు నాలుగడుగులు అవతల. ఎందుకు పట్టుకపోయినవ్?"

మళ్లీ మౌనం. ఈసారి అది నాకు భరించలేనంత పొడుగైంది. చిన్నమ్మ పెదాలు కదులుతున్నాయి. ఆమె ఏ జవాబు కోసం దేవుణ్ని మొక్కుతోందో నాకు తెలియదు. 'చెంబటుకకు' అని ఒక్క మాట అంటే వకీలు తల ఊపేవారేమో. ఎవరి పేరూ రాకుండా పని అయిపోయేది.

"నీళ్లకు సార్," అన్నాడు కాక. "పసుపు నీళ్లు."

"పసుపు నీళ్లెందుకు?"

"మా అక్క జాతర నుంచి వత్తాంది. కాళ్లు కడగాలె. అక్కకు ఎదురువోయిన సార్, బస్సుకు గాదు. బస్సు రాకముందే లారీ వచ్చింది."

వకీలు గారు పెన్ను తీసుకున్నారు. కానీ రాయలేదు.

"ఎదురువోయినవ్. బస్సుకు ఎదురుగా పోలేదు."

"లేదు సార్."

నేను సంచీలోంచి ఒక పేజీ తీసి బల్ల మీద పెట్టాను. ఏది పెట్టానో చిన్నమ్మ చూసింది. చదువు రాకపోయినా పైనుంచి మూడో వరసలో తన ఆడబిడ్డ పేరు ఉందని ఆమెకు తెలిసిపోయినట్టే అనిపించింది. వకీలు గారు మొత్తం చదివారు.

"మాది హసన్‌పర్తి. ఎదురుపోవుడంటె ఏందో నాకెవరు చెప్పనక్కర లేదు. కాని కేసు వినే జడ్జి గారిది గోదావరి జిల్లా, మన మాట తెల్వదు. ఆయన ముందట వాంగ్మూలం ఉంటది. దాంట్ల ఎదురుగా అని ఉన్నది. కింద నీ వేలిముద్ర ఉన్నది. దాన్ని దిద్దరాదు. నువ్వు ఇప్పుడు కాదంటె, లాభం కోసం మాట మార్చినవ్ అంటరు." పేజీ మీద పేరు దగ్గర గీత గీశారు. "ఈ శ్యామలమ్మ ఉన్నదా?"

"ఉన్నది సార్."

"ఆ బస్సు దిగింది ఆమేనా? నిన్ను ఆడ చూసిందా?"

"నన్ను ఎత్తి రిక్షాల వేసిందే ఆమె."

ఈ మాట మాకెవరికీ తెలియదు. చిన్నమ్మ ఆయన వైపు తిరిగి చూసింది. ఆయన వకీలు వైపే చూస్తున్నాడు.

"మరి ఆమె లేక ఈ కేసు ఏంది?" అన్నారు కిషన్ రావు గారు. "ఆమె వచ్చి, వీడు నాకే ఎదురొచ్చిండు, మా ఇంట్ల గిది ఆచారం అని చెప్తె కేసు నిలబడతది. చెప్పకపోతె నేను దరఖాస్తు వేసి లాభం లేదు. మంగళవారం వేస్త. రేపు సాయంత్రం లోపట ఆమె ఈ కుర్చీల కూసోవాలె. వస్తదా?"

కాక నోరు తెరవలేదు. ఈసారి అది వరస పూర్తి చేసుకునే మౌనం కాదు. ఆరు నెలల్లో ఒక్కసారి కూడా ఆయన అక్కను రమ్మని అడగలేదు, రాలేదని తప్పూ పట్టలేదు. ఇప్పుడు తన కాలి కోసం, ఆ మాటను పదిమందిలో చెప్పమని అడగాలి.

"నేను వోయి అడుగుత సార్," అన్నాడు ఎట్టకేలకు.

"నువ్వు పోతె ఆమె ఏడుత్తది, నువ్వేడుత్తవ్. పని కాదు," అంది చిన్నమ్మ. తర్వాత వకీలుతో, "నేను తోలుకత్త సార్. రేపు మధ్యాహ్నానికి" అంది.

"నువ్వు పిలిస్తె వస్తదా అమ్మా?"

చిన్నమ్మ కొంగు సర్దుకుంది. "ఎర్కలేదు సార్. ఆమె రాకుండ చేసింది నేనే. అనరాని మాట అన్న."

వకీలు గారు సారంగపాణిని పిలిచి వకాలత్ కాయితం తీయమన్నారు. గుమాస్తా కాకతో వేలిముద్ర వేయించుకున్నాడు. కానీ ఆ కాయితాన్ని ఫైలులో పెట్టకుండా బల్ల మీదే, బరువు కింద ఉంచాడు.

బయటికి వచ్చాక పర్శరాములు, "ఏ పేజీ ఇచ్చినవ్ పిల్లా" అన్నాడు. నేను చెప్పలేదు. కాకను జాగ్రత్తగా ఇంటికి చేర్చమని చిన్నమ్మ ఆయనకు అప్పగించింది. హనుమకొండ చౌరస్తాలో ధర్మసాగర్ బస్సు దగ్గర దాకా నేను ఆమెతో వెళ్లాను. ఆదివారం కావడంతో మనుషులు కిక్కిరిసి ఉన్నారు.

"నేను కూడా రానా చిన్నమ్మా? పేజీ నకలు ఉంది, చదివి వినిపిస్తాను."

"వద్దు బిడ్డా. కాయితం జూత్తె ఆమె భయపడుతది."

"మరి ఏమని మొదలుపెడతావు?"

"అదే సూత్తాన పొద్దటి సంది." ఆమె బస్సు మెట్టు మీద కాలు పెట్టి ఆగింది. "ఆ మాట అన్న నోరు నాది. ఎనుకకు గూడ నేనే తీసుకోవాలె. తర్వాత వకీలు ముచ్చట."

కండక్టరు లోపలికి జరగమని అరిచాడు. ఆమె ఇద్దరు ఆడవాళ్ల మధ్య దూరి పైన కమ్మీ పట్టుకుంది. కూర్చోవడానికి చోటు లేదు. బస్సు కదిలింది.